గర్వం తప్పు, మరి ఆత్మగౌరవం?



"మానాభిమానాలున్న మనిషి" అంటే మన తెలుగులో మెచ్చుకోలు. పాళీలో మాత్రం 'మానం' అంటే గర్వం. మనిషిని కట్టి ఉంచే పది సంయోజనాల్లో అది ఎనిమిదోది. అర్హతుడయ్యేదాకా పూర్తిగా వదలదు. మరి మన ఆత్మగౌరవ పోరాటం కూడా తప్పేనా? ఈ ప్రశ్న మన సమావేశాల్లో చాలామంది అడుగుతారు.

ధమ్మం మానాన్ని మూడు రకాలుగా చెబుతుంది. 'నేను ఎక్కువ' అనుకోవడం, 'నేనూ వాడికి సమానమే' అని పోటీపడి కొలుచుకోవడం, 'నేను తక్కువ' అనుకోవడం. మూడోదాన్ని గమనించండి. నేను తక్కువవాణ్ణని తలవంచుకు బతకడాన్ని మనకి వినయమని నేర్పేరు. ధమ్మం దాన్నీ మానమే అంటుంది. మూడింటిలో ఉన్న తక్కెడ ఒక్కటే.

బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగి, మన మీద పడ్డ 'తక్కువ' అనే ముద్రను చెరిపేరు. అది ఆత్మగౌరవం. అది లేకుండా ధమ్మం నిలవదు.

ఉపాలి కథ మీకు తెలుసు. అతను శాక్యుల మంగలి. ఆరుగురు శాక్య యువకులు అతనితో కలిసి భగవానుడి దగ్గరికి వెళ్లేరు. "ముందు ఉపాలికి ప్రవ్రజ్య ఇవ్వండి, మేం అతనికి మొక్కుతాం, మా శాక్య గర్వం అణుగుతుంది" అని కోరేరు. ఆ ఒక్క పనితో వాళ్ల 'ఎక్కువ', అతని 'తక్కువ' రెండూ పోయేయి. తర్వాత మొదటి సంగీతిలో వినయాన్ని చెప్పింది ఆ ఉపాలే.

ఇప్పుడు మన సంగతి. శాలిహుండం స్తూపాలు చూసి, మన వంశధార ఒడ్డున ఇంత పాత ధమ్మం ఉందా అని పొంగిపోతాం. మంచిదే. కానీ "మేం బౌద్ధులం, వాళ్లింకా మారలేదు" అన్నామంటే కులం పేరు మార్చుకుని మనింట్లోకే వచ్చినట్టు.

నా తప్పు చెబుతాను. కొన్నేళ్ల కిందట మా ఇచ్ఛాపురం వైపు ఒక రెల్లి వీధిలో ధమ్మ సమావేశానికి వెళ్లేను. మహాడ్ గురించే మాట్లాడేను. అయ్యేక ఒకమ్మ మంచినీళ్లు తెచ్చింది. "ఇప్పుడే తాగేనమ్మా" అని అబద్ధమాడేను. ఆమె ఏమీ అనలేదు, గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. సమానత్వాన్ని నమ్ముతానని, దానికోసం పాటుపడతానని 22 ప్రతిజ్ఞల్లో చెప్పినవాణ్ణి. నిచ్చెన మెట్టు మాత్రం దిగలేదు.

అందుకే గుర్తుపట్టడానికి ఒక ప్రశ్న చాలు: నా తల ఎత్తడానికి ఇంకొకరి తల వంగాలా? వంగాలంటే గర్వం. అక్కర్లేదంటే ఆత్మగౌరవం.

వచ్చే పున్నమిలోగా, మీరు ఎన్నడూ నీళ్లు తాగని ఇంటికి వెళ్లి అడిగి తాగండి. నేనూ మళ్లీ ఆ వీధికి వెళ్లేను. ఆమెకి జరిగింది చెప్పి, నీళ్లడిగేను. "ఆ రోజే తెలిసింది బాబూ" అంది. గ్లాసు నిండా ఇచ్చింది.

భవతు సబ్బ మంగళం.