తెర మీది కచేరి

పూర్వము ప్రభుత్వముతో పనిగలవారు స్వయముగా కచేరికి పోవలసియుండెడిది. నడువలేనివాడు మెట్లకడనే నిలిచిపోయెడివాడు. చూపులేనివాడు అర్జీ వ్రాయుటకు పరుల నాశ్రయించెడివాడు. నేడు పింఛనులు, విద్యార్థివేతనములు, పరీక్షల దరఖాస్తులు, ధ్రువపత్రములు మొదలగునవి ప్రభుత్వ వెబ్‌సైటుల ద్వారా లభించుచున్నవి. కచేరి యింటికే వచ్చినది. కాని యీ కచేరికిని మెట్లు కలవు. అవి చాలమందికి కానరావు.

2011 జనాభా లెక్కలనుబట్టి మనదేశమున దివ్యాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. వీరిలో చూపులేనివారు కంప్యూటరును వాడుటకు స్క్రీన్ రీడర్ అను సాధనము తోడ్పడును. అది తెరపైనున్న అక్షరములను పైకి చదివి వినిపించును. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధుడు 2006లో ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. అట్టిదే. దానిని ఉచితముగా పొందవచ్చును.

అయితే ఆ సాధనము అక్షరములను చదువునే కాని చిత్రములను తనంతట గ్రహింపలేదు. ప్రభుత్వపు ఉత్తరువును కాగితముపై ముద్రించి, దాని ఛాయాచిత్రమును వెబ్‌సైటున నుంచినచో, కన్నులున్నవారికి అది ఉత్తరువు, అంధునకు మౌనము. మీటపై బొమ్మ మాత్రమే యుండి పేరు లేనిచో, అది దేనికో అతనికి తెలియదు. వంకర అక్షరములను చూచి వ్రాయుమను పరీక్ష యెదురైనచో పని అంతటితో నాగును. తెలుగునకు మరియొక చిక్కు కలదు. యూనికోడ్ పద్ధతిగాక పాత ఫాంటులతో కూర్చిన తెలుగును స్క్రీన్ రీడర్ అర్థములేని ధ్వనులుగా చదువును.

అప్పుడు అంధుడు తన ఖాతా సంఖ్యను, రహస్యపదమును సైతము ఇతరులకు చెప్పి పని చేయించుకొనవలసివచ్చును. ఇది కేవలము అసౌకర్యము కాదు, స్వాతంత్ర్యమునకే లోపము.

దీనికి మార్గములు కష్టమైనవి కావు. ప్రతి చిత్రమునకు మాటలలో వివరణ నీయవలెను. వినలేనివారికై వీడియోలలో మాటలను అక్షరములుగా చూపవలెను. మౌసును పట్టలేనివారికై పనులన్నియు కీబోర్డుతోనే జరుగునట్లు చేయవలెను. అక్షరములు వెనుకనున్న రంగులో కలిసిపోరాదు. ఇట్టి నియమములను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లోనే ప్రకటించినది. భారత ప్రభుత్వము తన వెబ్‌సైటులకై 2009లో మార్గదర్శకములను వెలువరించినది. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టము వచ్చినది.

అయినను లోపములు తొలగలేదు. యాసిడు దాడికి గురియై కన్నులు దెబ్బతిన్నవారిని సైతము, గుర్తింపు కొరకు కెమెరా యెదుట రెప్పలు ఆర్పుమని కోరు పద్ధతి యుండెను. వారును, అంధులును న్యాయస్థానము నాశ్రయించిరి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను పొందు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది. సేవలను సిద్ధపరచి పరీక్షించునపుడు అంధులను కూడ చేర్చుకొనవలెనని ఆదేశించినది.

ఈ ఆదేశము మిక్కిలి యుక్తమైనది. మెట్టు ఎత్తు ఎంతయో ఎక్కలేనివానికే బాగుగా తెలియును. కచేరి మెట్ల ప్రక్కన కట్టిన వాలుదారిని వృద్ధులును, బరువు మోయువారును ఉపయోగించుకొందురు. అట్లే దివ్యాంగులకై సులభము చేసిన వెబ్‌సైటు అందరికిని సులభమగును. ఒక అంధవిద్యార్థిని తన విద్యార్థివేతనపు దరఖాస్తును పరుల సాయము లేక తానే నింపి పంపగలిగిననాడు, ఆ కచేరి నిజముగా ప్రజలది యగును.