డయోడు: సరళరేఖకు లొంగని సంబంధం

విద్యుత్తు అనగానే మనకు మొదట స్ఫురించేది ఓమ్ నియమం. ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నంతవరకు లోహపు తీగలో వోల్టేజి రెట్టింపైతే విద్యుత్ప్రవాహమూ రెట్టింపవుతుంది. గ్రాఫు సరళరేఖగా వస్తుంది. సిలికాన్ డయోడు ఈ నియమానికి లొంగదు. ఈ భేదం గ్రహించక ప్రయోగశాలలో డయోడును కాల్చివేసిన విద్యార్థులను మనం తరచుగా చూస్తూనే ఉంటాం.

డయోడు 0.7 వోల్టుల వరకు మూసి ఉండి, పిమ్మట తెరచుకొంటుందని మనలో అనేకులు కంఠస్థం చేస్తారు. కాని అది కడెం ప్రాజెక్టు గేటు వంటిది కాదు. పి-ఎన్ సంధి వద్ద ఆవేశాల దారిలో ఒక అవరోధం ఉంటుంది. ఉష్ణశక్తితో చలించే ఆవేశాలలో దానిని దాటగలిగినవి బహు కొద్ది. పురోబయాస్ ఆ అవరోధాన్ని తగ్గించేకొద్దీ దాటగలవాటి సంఖ్య గుణకారంగా పెరుగుతుంది. 1949లో విలియం షాక్లీ ఈ సంబంధాన్ని సమీకరణ రూపంలో ప్రకటించాడు. దాని ప్రకారం, గది ఉష్ణోగ్రత వద్ద ఆదర్శ డయోడులో ప్రతి 60 మిల్లీవోల్టుల పెరుగుదలకు ప్రవాహం సుమారు 10 రెట్లవుతుంది. 0.60 వోల్టుల వద్ద 1 మిల్లీఆంపియరు ఉంటే, 0.66 వద్ద 10, 0.72 వద్ద 100 అన్నమాట. తిరోబయాస్‌లో మాత్రం, భంజన వోల్టేజి చేరేవరకు, అత్యల్ప ప్రవాహమే ఉంటుంది.

ఇక మన రామగుండం ఎండలను తలచుకొందాం. సిలికాన్ డయోడులో ఒక్కొక్క డిగ్రీ వేడికి, అదే ప్రవాహానికి కావలసిన వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. శీతాకాలపు ఉదయం 20 డిగ్రీల వద్ద తీసిన రీడింగుకు, మే మాసపు మధ్యాహ్నం 45 డిగ్రీల వద్ద తీసిన రీడింగుకు 50 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. వోల్టేజిని మార్చక అట్లే ఉంచితే ప్రవాహం ఆరేడు రెట్లవుతుంది. ప్రవాహం హెచ్చితే వేడి, వేడి హెచ్చితే మరింత ప్రవాహం. చివరకు డయోడు కాలిపోతుంది. కావుననే దానితో శ్రేణిలో ఒక నిరోధాన్ని తప్పక కలపాలి.

సౌరఘటం కూడా పి-ఎన్ సంధియే. వేడెక్కితే దాని వోల్టేజి, తద్వారా సామర్థ్యం తగ్గుతాయి. రామగుండం ఎన్.టి.పి.సి. జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రం 2022 జూలై 1 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చింది. అక్కడి పలకలకు అడుగునున్న నీరు చల్లదనాన్నిస్తుంది.

విద్యార్థులారా! ఇకమీదట రికార్డు పుస్తకంలో వోల్టేజి, ప్రవాహాల సరసన ఆనాటి గది ఉష్ణోగ్రతను కూడా వ్రాసుకొందాం. అది లేని రీడింగు అసంపూర్ణం.