కైకలూరు కింద ఆగిన చీలిక

చిరంజీవి శ్రావణికి,

కొల్లేరు సరస్సు భూమి చీలి పుట్టిందేనా అని అడిగావు. కాదమ్మా. కృష్ణా, గోదావరి మట్టి తెచ్చి పోస్తూ సముద్రాన్ని వెనక్కి నెడితే, రెంటి మధ్యా మిగిలిన పల్లం అది. దాని వయసు వేల ఏళ్ళే. కానీ ఆ ఒండ్రు కింద చాలా లోతున నువ్వడిగిన చీలిక నిజంగానే ఉంది.

సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం దాకా మన తూర్పు తీరం అంటార్కిటికాతో కలిసే ఉండేది. ఆ ఉమ్మడి ఖండం సాగి, పలచబడి, విరిగింది. కొన్ని దిమ్మలు కుంగాయి, కొన్ని ఎత్తుగా నిలిచాయి. అలా నిలిచిన ఒక దిమ్మకు చమురు వెతికే భూగర్భ శాస్త్రవేత్తలు కాజ-కైకలూరు హార్‌స్ట్ అని పేరు పెట్టారు. దానికి చెరో పక్కా గుడివాడ, బంటుమిల్లి పల్లాలు. ఇక్కడ చీలిక సగంలో ఆగింది. సముద్రం వైపు పూర్తిగా తెగింది. కొత్త సముద్రపు నేల అక్కడ పుట్టింది.

ఎలా అంటావా? భూమి పలకలు ఎడమైతే కింది వేడి రాయి పైకి లేస్తుంది. అది ద్రవం కాదు, గట్టి రాయే. లక్షల ఏళ్ళ మీద మెల్లగా కదులుతుంది. పైకొచ్చేకొద్దీ మీది బరువు తగ్గుతుంది. బరువు తగ్గేసరికి, కొత్తగా వేడి తగలకుండానే, కొంత కరుగుతుంది. ఆ కరుగు చీలికలోకి ఎగదన్ని, బసాల్టుగా బిగుస్తుంది. మళ్ళీ నడిమికి చీలి రెండు పలకలకూ అంటుకుపోతుంది. కొత్త నేల వేడికి ఉబ్బి ఎత్తుగా ఉంటుంది. దూరం జరిగేకొద్దీ చల్లారి కుంగుతుంది. మహాసముద్రాల నడుమ కొండల బారు ఉండడానికి కారణం ఇదే.

బసాల్టు బిగిసేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి అయస్కాంత దిశను పట్టుకుంటాయి. భూమి అయస్కాంత ధ్రువాలు అప్పుడప్పుడు తారుమారవుతాయి కనుక ఆ కొండలకు ఇరువైపులా ఒకే వరసలో అయస్కాంత చారలు పడతాయి. 1963లో వైన్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు వాటి గుట్టు విప్పారు. మన బంగాళాఖాతంలో మాత్రం గంగా బ్రహ్మపుత్రల మట్టి ఆ నేలను కిలోమీటర్ల మందాన కప్పేసింది.

బసాల్టును చేత్తో పట్టి చూడాలంటే తాడేపల్లిగూడెం నుంచి దేవరపల్లి వైపు వెళ్ళి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి ముక్క ఒకటి తీసుకో. బరువుగా, కంటికి ఆనని సన్న పలుకుతో ఉంటుంది. అది సముద్రపు నేల కాదు, దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పారిన లావా. అయినా రాయి అదే జాతి.

పరీక్షలో 'పలకలు జరిగాయి, లావా వచ్చింది' అని ఊరుకోకు. బరువు తగ్గినందుకే కరిగిందన్న మాట తప్పక రాయాలి. అసలు సంగతంతా అందులోనే ఉంది.

మీ మామయ్య,
ఏలూరు