చౌడు మిద్దె: ఒక ఇంటిని చదవడం ఎలా?

మా అవ్వ ఇల్లు చిలమత్తూరు మండలంలో ఒక చిన్న ఊర్లో ఉంది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి లోపలికి పోవాలి. అది పాత మట్టి మిద్దె. వచ్చే వేసవిలో దాన్ని పడగొట్టి స్లాబు ఇల్లు కడతారు. ఈ మాట ఇంట్లో ఖాయమయ్యాక, కనీసం దాన్ని రికార్డు చేసి పెడదామని మొన్న సెమిస్టర్ సెలవుల్లో టేపు, గ్రాఫ్ పుస్తకం, ఫోను పట్టుకుని పోయాను.

మొదటి రోజు రెండొందల ఫొటోలు తీశా. రాత్రి ల్యాప్‌టాప్‌లో వాటికి పేర్లు పెడదామని కూర్చుంటే అసలు సమస్య తెలిసింది. రూమ్ 1, రూమ్ 2, వుడ్, హోల్... ఇంతకు మించి నాకు మాటలు రాలేదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. పాలిమార్ఫిజం అంటే ఏమిటో చెప్పగలను గానీ, మా అవ్వ ఇంటి కప్పులో వెలుతురు కోసం పెట్టిన కంతను ఏమంటారో తెలీదు.

అవ్వను అడిగితే నవ్వింది. "అది గవాచిరా అబ్బీ. నువ్వు చంటిపిల్లోడప్పుడు దాంట్లోంచి ఎలుగు పడితే చూసి నవ్వుతాంటివి" అంది.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చా. ముందు అవ్వను అడగడం, తర్వాత కొలవడం, ఆఖర్న ఫొటో. అలా నేర్చుకున్నదే ఈ పాఠం. మీ ఊర్లో కూడా ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటే పనికొస్తుందని రాస్తున్నా.

మనకు మిద్దె ఎందుకు వచ్చింది?

తెలుగు ఇల్లు అంతా ఒకటే కాదు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో వానలెక్కువ. అక్కడ వాలు పెంకుల కప్పుతో, నడుమ ఆకాశం కనబడే మండువా లోగిళ్లు కట్టుకున్నారు. ఉత్తరాంధ్ర తీరంలో తుపాను గాలుల దెబ్బ ఎక్కువ. అక్కడ గుండ్రంగా ఉండే చుట్టిళ్లు ఉన్నాయి. గాలి మూలల్ని పట్టుకుని లాగడానికి గుండ్రటి ఇంటికి మూలలే ఉండవు కదా.

మన అనంతపురం వైపు ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఎండ మాత్రం దండిగా ఉంటుంది. అందుకే కప్పు చదునుగా ఉన్నా సరిపోయింది. పైగా ఆ చదునైన కప్పు ఇంకో గదిలాంటిది. చెనక్కాయలు, మిరపకాయలు ఆరబోసేది అక్కడే, ఎండాకాలం రాత్రుళ్లు పడుకునేది అక్కడే. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే ఇలాంటి ఇళ్లనే మాళిగె మనె అంటారు. రాష్ట్రం మారింది గానీ వాన, మట్టి మారలేదు.

కింద నుంచి పైకి

ఇంటిని చదివేటప్పుడు కట్టిన వరుసలోనే చదవాలి. అంటే కింద నుంచి పైకి.

అన్నిటికన్నా కింద రాయి. మా ప్రాంతంలో నల్లరాతి గుండ్లకు కొదవ లేదు. నేల మీద రెండు మూడు అడుగుల ఎత్తు వరకు రాతిగోడ ఉంటుంది, కాబట్టి వాన చినుకులు నేలకు తగిలి ఎగిరినా మట్టిగోడను కోయవు. దాని మీద మట్టిగోడ. మట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి, నానబెట్టి, కాళ్లతో అడుసు తొక్కుతారు. ఆ అడుసుతో ఒక వరుస పెట్టి, అది ఆరాక దాని మీద ఇంకో వరుస. తొందరపడితే గోడ కూర్చుండిపోతుంది.

గోడల మీద, లోపలి కంబాల మీద దూలాలు. దూలాల మీద అడ్డంగా దంతెలు. దంతెల మీద సన్న కట్టెలు దగ్గర దగ్గరగా పరుస్తారు. వాటి మీద ఆకు, గడ్డి. దాని మీద మట్టి వేసి దిమ్మిస్తారు. అన్నిటికన్నా పైన చౌడు.

కప్పు చదునుగా కనిపిస్తుంది గానీ ఒక పక్కకు కొంచెం వాటం ఉంటుంది. ఆ వాటం చివర రాతి దోనె. వాన నీళ్లు దాంట్లోంచి గోడకు దూరంగా పడతాయి. నేను గీసిన మొదటి బొమ్మలో కప్పును స్కేలుతో సమంగా గీశా. అవ్వ చూసి "నీ ఇల్లు మొదటి వానకే కురుస్తాది" అంది.

చౌడు రహస్యం

ఈ ఇంటి మొత్తంలో నాకు బాగా నచ్చింది చౌడు. చౌడు భూమి అంటే రైతుకు తలనొప్పి, పంట రాదు. మరి ఆ పనికిరాని మట్టినే ఇంటి నెత్తిన ఎందుకు పెట్టుకున్నారు?

చౌడు మట్టిలో సోడియం ఎక్కువ. మామూలు మట్టిలో బంక రేణువులు గుంపులుగా అతుక్కుని ఉంటాయి, గుంపుల మధ్య సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. సోడియం ఎక్కువైతే తడి తగలగానే ఆ గుంపులు విడిపోతాయి. విడిపోయిన సన్న రేణువులు సందుల్లో దూరి వాటిని మూసేస్తాయి. ఇంక నీళ్లు లోపలికి దిగవు. పొలంలో వేళ్లకు నీళ్లు అందనివ్వని గుణమే మిద్దె మీద వానను ఆపుతుంది. పైగా అక్కడ గడ్డి కూడా సరిగా మొలవదు కాబట్టి వేళ్లు కప్పును చీల్చవు. మన భాషలో చెప్పాలంటే బగ్‌నే ఫీచర్‌గా వాడుకున్నారు.

నమ్మకం లేకపోతే హాస్టల్లోనే చూడొచ్చు. నేను చూశా. ఎండిన చౌడు గడ్డ ఒకటి, ఎర్రమట్టి గడ్డ ఒకటి తీసుకుని, రెండు గ్లాసుల ఆర్వో నీళ్లలో కదపకుండా వేయాలి. చౌడు గడ్డ చుట్టూ పాల మబ్బులాగా లేచి, గంటల తర్వాత కూడా నీళ్లు తేరుకోవు. ఎర్రమట్టి గడ్డ విరిగి అడుగున కూర్చుంటుంది. బోరు నీళ్లతో చేస్తే మాత్రం తేడా సరిగా కనబడదు. ఆ నీళ్లలోని కాల్షియం రేణువులను మళ్లీ గుంపు చేస్తుంది. వాన నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, అందుకే చౌడు పని వానకే బాగా జరుగుతుంది.

కాకపోతే చౌడు ఒకసారి వేసి వదిలేసేది కాదు. వానకు కొంత కొట్టుకుపోతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. ఏటా తొలకరికి ముందు చౌడు తోలి, మిద్దెకెక్కించి, పరచాలి. అవ్వ చిన్నప్పుడు ఊర్లో ఎద్దులబండ్లన్నీ ఒకే వారం ఈ పని మీద ఉండేవంట. ఒకరింటికి అందరూ, అందరిళ్లకూ అలాగే.

వేడి, సిమెంటు

అడుగు మందం మట్టిగోడ గుండా పగటి వేడి లోపలికి రావడానికి దాదాపు 10 గంటలు పడుతుంది. 4 అంగుళాల కాంక్రీటు స్లాబుకు 3 గంటలు కూడా పట్టదు. అంటే మధ్యాహ్నం రెండింటి ఎండ మట్టి ఇంట్లోకి చేరేసరికి అర్ధరాత్రి. ఆ టైముకు జనం మిద్దె మీద చల్లగాలికి పడుకుని ఉంటారు. ఇంటి కట్టుబడి, మనుషుల అలవాటు రెండూ ఒకదానికొకటి సరిపోయాయి.

కొన్నేళ్ల కింద మా ముందుగది గోడకు బయటివైపు సిమెంటు పూత వేయించారు, గట్టిగా ఉంటుందని. ఇప్పుడు అదే గోడ ఉబ్బింది. మట్టిగోడ తేమను పీల్చుకుని మళ్లీ గాలికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే ఉండిపోయి మట్టి మెత్తబడుతుంది, పూత మాత్రం బయటికి కొత్తగానే కనిపిస్తుంది. పాత ఇంటికి మంచి చేద్దామని చేసిన పనే కొన్నిసార్లు దాన్ని చంపుతుంది. మట్టికి మట్టి పూత, సున్నం. అంతే.

ఎవరు కాపాడాలి?

పక్క మండలం లేపాక్షిలో 16వ శతాబ్దపు వీరభద్రస్వామి గుడి ఉంది. దాన్ని కేంద్ర పురావస్తు శాఖ చూసుకుంటోంది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. చాలా సంతోషం. కానీ ఆ గుడికి పోయే దారిలోని మిద్దెలను ఎవరూ చూడరు. 1958 నాటి చట్టం ప్రకారం కేంద్ర రక్షణ రావాలంటే కట్టడానికి కనీసం 100 ఏళ్ల వయసు, చారిత్రక ప్రాముఖ్యం ఉండాలి. మా అవ్వ ఇంట్లో ఏ రాజూ దిగలేదు. ప్రభుత్వ లెక్కల్లో అది కచ్చా ఇల్లు.

1999లో ఐకోమాస్ అనే అంతర్జాతీయ సంస్థ సంప్రదాయ ఇళ్ల గురించి ఒక ఒడంబడిక చేసింది. అందులో ముఖ్యమైన మాట ఏమిటంటే, కట్టడం ఒక్కటే వారసత్వం కాదు, దాన్ని కట్టే నేర్పు, వాడే తీరు కూడా వారసత్వమే. ఆఫ్రికాలోని మాలి దేశంలో జెన్నే అనే ఊరుంది. అక్కడి పెద్ద మట్టి మసీదు ఇప్పుడున్న రూపంలో 1907లో కట్టింది. ఏటా ఊరంతా కలిసి ఒక పండగలాగా దానికి మట్టి పూత పూస్తారు. నూరేళ్లు దాటినా మట్టి నిలబడిందంటే కారణం ఆ చేతులే. మన చౌడు తోలే వారం కూడా అలాంటిదే. ఆ వారం పోయింది కాబట్టే మిద్దె పోతోంది.

చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియంలో దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అదొక దారి. కానీ ప్రతి ఇల్లూ మ్యూజియానికి పోలేదు.

ఇక్కడ నిజం ఒకటి చెప్పాలి. నేను "ఈ ఇల్లు పడగొట్టొద్దు" అన్నప్పుడు చిన్నాన్న కోప్పడలేదు. "సరే, ఏటా వచ్చి చౌడు తోలుతావా?" అన్నాడంతే. నా దగ్గర జవాబు లేదు. ఎద్దులు లేవు, కూలోళ్లు లేరు, పిల్లలందరం బెంగళూరో, హిందూపురమో. దంతెలకు చెద పట్టింది. పెద్ద వానలకు పాత మిద్దెలు కూలి మనుషులు పోయిన వార్తలు మనకు కొత్త కాదు. అవ్వ కూడా "పేడతో అలికి అలికి నడుము పోయింది, నాకూ గచ్చు నేల కావల్ల" అంది. వాళ్ల ఇంట్లో వాళ్లు సుఖంగా ఉండొద్దని చెప్పే హక్కు నాకు లేదు.

అందుకే నేను కాపాడగలిగినదేమిటో వెతుక్కున్నా. ఇల్లు పోయినా, ఎలా కట్టారో, ఎలా బతికించారో పోకూడదు.

మీరు చేయాలంటే

1. ఇంటివాళ్లను ముందు అడగండి. వాళ్లకు ఇష్టం లేని గది జోలికి పోవద్దు.

2. ప్లాను గ్రాఫ్ కాగితం మీద చేత్తో గీయండి. నాలుగు గోడలతో పాటు మూల నుంచి మూలకు కూడా కొలవండి. పాత గదులు చాలావరకు సరైన చతురస్రాలు కావు, ఆ తేడా మూలల కొలతలోనే బయటపడుతుంది.

3. ఇంటిని నిలువునా కోస్తే ఎలా ఉంటుందో ఇంకో బొమ్మ గీయండి. కప్పు పొరలు, వాటం అందులోనే తెలుస్తాయి.

4. ఫొటోలో పక్కన స్కేలు గానీ టేపు గానీ ఉండాలి. లేకపోతే దూలం ఎంత లావో ఎవరికీ తెలియదు.

5. ప్రతి భాగం పేరు ఇంటివాళ్ల నోటితోనే రికార్డు చేయండి. పక్క ఊర్లో ఇంకో మాట ఉంటే అదీ రాయండి. సరిదిద్దొద్దు.

6. ఏ నెలలో ఏ పని చేసేవారో క్యాలెండర్ రాయండి. చౌడు ఎప్పుడు, సున్నం ఎప్పుడు, ఎవరు చేసేవారు, ఏం ఇచ్చేవారు. మా ఇంట్లో అన్నిటికన్నా విలువైన కాగితం ఇదే అయింది.

7. ఎక్కడ కురుస్తోంది, ఎక్కడ చెద, ఎక్కడ సిమెంటు పూశారు, అన్నీ గుర్తు పెట్టండి. ఇల్లు గట్టిగా ఉంటే బాగు చేసుకోవడానికి ఈ కాగితమే పనికొస్తుంది.

మా ఇంటి ఫైలు పూర్తయింది. 43 మాటలు, 6 బొమ్మలు, అవ్వ గొంతు రెండు గంటలు. చిన్నాన్న కూడా ఒక మెట్టు దిగాడు. ముందు భాగం పడగొట్టి, వెనక వంటింటి మిద్దె గట్టిగా ఉంది కాబట్టి ఉంచుతాడంట. "తొలకరికి ముందు నువ్వు రావాల, చౌడు మోయాల" అని షరతు పెట్టాడు. వస్తానన్నా. మన క్లబ్బులో ఎవరైనా ఆ ఆదివారం తోడొస్తే ఇంకా మంచిది. భోజనం అవ్వ పెడుతుంది.

మీ ఊరి ఇంటి మాటలు కూడా పంపండి. ఒక్క గదివైనా చాలు. వచ్చే సంచికలో అన్నీ కలిపి వేద్దాం.