అంగారక గ్రహముపై జీవమున్నదా?

వేదపాఠము: కీర్తన 8, యోబు 38, కొలొస్సయులకు 1:15–20



మన విడవలూరు తీరమునకు దక్షిణముగా, ఇదే బంగాళాఖాతపు ఒడ్డున, శ్రీహరికోట దీవి యున్నది. 2022వ సంవత్సరము వరకు అది మన నెల్లూరు జిల్లాలోనిదే. 2013 నవంబరు 5వ తేదీ మధ్యాహ్నము మంగళయానము అక్కడనుండియే బయలుదేరెను. పది నెలలకు పైగా ప్రయాణము చేసి, 2014 సెప్టెంబరు 24న అంగారక గ్రహమును చేరెను. ఆరు నెలల పనికొరకు పంపబడిన ఆ నౌక ఏడేండ్లకు పైగా పనిచేసెను. అందులోని అయిదు పరికరములలో ఒకటి మీథేను అను వాయువును వెదకుటకై యుంచబడినది. ఏలయనగా ఆ వాయువు జీవమునకు గురుతు కావచ్చును.

“అక్కడ జీవము కనబడినయెడల మన బైబిలు మాట ఏమగును? క్రీస్తు మనకొరకే గదా చనిపోయెను?” అని మన యౌవనస్థులు అడుగుచున్నారు. అట్టి ప్రశ్న అడుగుటయే తప్పని గద్దించిన పెద్దలును కలరు. గద్దింపు జవాబు కాదు. జవాబు దొరకని బిడ్డ మెల్లగా మందిరమునకు దూరమగును. కావున ఈ నెల ఈ సంగతిని ధ్యానింతము.

1. వెదకుచున్నది ఏమి?

మీథేను మనకు క్రొత్తది కాదు. నీరు నిలిచిన వరిమడిలో కాలు పెట్టినప్పుడు బురదలోనుండి బుడగలు లేచును. వాటిలో ముఖ్యముగా నుండునది ఈ వాయువే. గాలి సోకని బురదలో కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని పుట్టించును. గోబరు గ్యాసు తొట్టిలో జరుగు పనియు ఇదియే. అంగారకునిపై సూర్యకాంతి ఈ వాయువును కొన్ని వందల ఏండ్లలో నాశనము చేయును. గనుక అది అక్కడ నేడు కనబడినయెడల, ఇటీవల ఏదో దానిని విడిచియుండవలెను. అయితే అది జీవియే కానక్కరలేదు. కొన్ని జాతుల రాళ్లును నీరును నేల లోపల కలిసినప్పుడు కూడ మీథేను పుట్టును.

2. దొరికినది ఏమి?

2012లో అక్కడ దిగిన అమెరికావారి క్యూరియాసిటీ బండి నేల దగ్గర ఒక్కొక్కప్పుడు కొద్దిపాటి మీథేనును కనుగొనెను. 2016లో చేరిన ఐరోపా, రష్యా దేశముల నౌక పైనుండి ఎంత నిశితముగా వెదకినను దానిని కనుగొనలేదు. మన మంగళయానమును ఈ సంగతిని తేల్చలేదు. 2024లో పెర్సివరెన్సు అను మరియొక బండి, పూర్వము నది పారిన లోయలో ఒక రాతిపై చిరుతపులి మచ్చలవంటి మచ్చలను చూచెను. అవి ప్రాచీన సూక్ష్మజీవుల గురుతులై యుండవచ్చునని 2025లో శాస్త్రజ్ఞులు వ్రాసిరి, నిశ్చయమని వ్రాయలేదు. భూమికి వెలుపల జీవమున్నదని ఇంతవరకు రుజువు కాలేదు.

3. వాక్యము ఏమి చెప్పుచున్నది?

ఇతర లోకములలో జీవమున్నదని గాని లేదని గాని బైబిలు చెప్పలేదు. వాక్యము మౌనముగా నున్నచోట మనము ప్రమాణము చేయరాదు. యోబుతో దేవుడు మాటలాడినప్పుడు, అతడు చూడని సంగతులు సృష్టిలో ఎన్ని యున్నవో చూపి అతని తగ్గించెను.

దావీదు చంద్రుని, నక్షత్రములను చూచి ఆశ్చర్యపడెను. ఆకాశము గొప్పదని మాత్రమే కాదు, అంత గొప్ప దేవుడు మనుష్యుని జ్ఞాపకము చేసికొనుచున్నాడని ఆశ్చర్యపడెను. మన విలువ మనము ఒంటరివారమగుటవలన కలిగినది కాదు, ఆయన జ్ఞాపకమువలన కలిగినది. రెండవ బిడ్డ పుట్టినందున తల్లికి మొదటి బిడ్డపై ప్రేమ తగ్గునా?

ఆకాశమందున్నవియు భూమిమీదనున్నవియు క్రీస్తునందు, క్రీస్తుకొరకు సృజింపబడినవని పౌలు బోధించెను. అక్కడ ఒక సూక్ష్మజీవి దొరికినను అది ఆయనదే. దొరకకపోయినను ఆ యెఱ్ఱని ధూళి ఆయనదే. ఈ అంగారకునికే కుజుడని పేరు. కుజదోషమను మాట విని పెండ్లి సంబంధమునకు జంకు విశ్వాసులు మనలో నున్నయెడల, అదియు దేవుడు చేసిన రాళ్లు, ధూళి గల గ్రహమేయని తెలిసికొందురు గాక.

4. మనము నేర్చుకొనవలసినది

సంవత్సరములు వెదకియు “ఇంకను నిశ్చయము కాలేదు” అని చెప్పుటకు శాస్త్రజ్ఞులు సిగ్గుపడలేదు. మనమైతే ఉదయము విన్న వదంతిని సాయంకాలమునకు సత్యమని చాటుదుము. మన బిడ్డలు ఈ శాస్త్రమును భయములేక చదువుదురు గాక. సత్యమును వెదకువాడు సత్యదేవునికి శత్రువు కాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గురుతునకును రుజువునకును భేదమేమి?
2. మనుష్యుని విలువ దేనివలన కలిగినదని 8వ కీర్తన చూపుచున్నది?
3. మీ యింటి బిడ్డ ఈ ప్రశ్న అడిగినయెడల మీరేమి చెప్పుదురు?

ప్రార్థన: ఆకాశమును భూమిని కలుగజేసిన తండ్రీ, మాకు తెలియనిదానియెదుట వినయమును, నీవు బయలుపరచినదానియందు స్థిరత్వమును దయచేయుము. ఆమేన్.