ముఖం చూసి మనసు చెప్పగలదా?

ప్రశ్న: పిల్లలు గ్రూపుగా ప్రాజెక్టు చేస్తుంటే ఎవరికి విసుగొచ్చిందో, ఎవరు తికమకపడుతున్నారో ఏఐ కెమెరా చెబుతుందంటున్నారు. నిజమేనా? మా స్కూల్లో పెట్టించవచ్చా?
– ఒక టీచరు

జవాబు: పరిశోధనలో ఆ ప్రయత్నం నిజంగానే జరుగుతోంది. ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో సన్నా యార్వెలా బృందం ఏళ్లుగా ఇదే పనిలో ఉంది. వీడియోలో ముఖకవళికలు, మాటలు, చేతికి కట్టిన పరికరం పసిగట్టే చెమట మార్పులు కలిపి చూస్తారు. గ్రూపు ఎక్కడ చిక్కుకుంది, మళ్లీ ఎలా దారిలో పడింది అన్నది అసలు ప్రశ్న. చాలా విలువైన ప్రశ్న అది.

తరగతి గదిలో పెట్టడం వేరే సంగతి. ముఖం ఒక్కటే చూసి భావాన్ని నమ్మకంగా చెప్పలేమని 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, సహ శాస్త్రవేత్తలు విస్తృత సమీక్షలో తేల్చారు. కనుబొమలు ముడిచిన అమ్మాయి కోపంగా ఉండొచ్చు, లెక్కలో మునిగిపోయి ఉండొచ్చు. ఐరోపా సమాఖ్య అయితే 2025 ఫిబ్రవరి 2 నుంచి విద్యాసంస్థల్లో భావాలు పసిగట్టే ఏఐని నిషేధించింది. వైద్య, భద్రతా అవసరాలకే మినహాయింపు.

కాబట్టి పెట్టించకండి. పని మధ్యలో ఒకసారి ఆపి, "ఎక్కడ ఆగిపోయారు? ఎవరి మాట ఇంకా వినలేదు?" అని అడగండి. నోరు విప్పని పిల్లలు చీటీ మీద రాసివ్వచ్చు.