మొదటిసారి కోన్ల మధ్యకు వెళ్ళే మేనల్లుడికి



విశాలమైన పార్కింగ్ స్థలంలోనో, పాత విమానాశ్రయపు కాంక్రీటు మీదో నారింజ రంగు కోన్లు పేర్చి దారి వేసి, దాన్ని ఎవరు తక్కువ సమయంలో దాటగలరో చూసే పోటీ ఆటోక్రాస్. కార్లు ఒకదాని తర్వాత ఒకటి బయలుదేరుతాయి. దారిలో రెండు కార్లున్నా ఒకదాన్నొకటి అందుకోలేనంత ఎడం ఉంచుతారు. ఒక విడత మామూలుగా నిమిషం లోపే అయిపోతుంది. మామూలు కార్లు ఎక్కువసేపు రెండో గేరులోనే ఉంటాయి. వేగం హైవే మీద రోజూ వెళ్ళే వేగాన్ని మించడం అరుదు. మేనల్లుడు చిన్నబాబు గురించి “కార్ల రేసులో దిగుతున్నాడట” అన్న ముక్క డల్లాస్ నుంచి కాకినాడ చేరేసరికి దానికి మంటలూ పల్టీలూ తోడయ్యాయి. వాడి తల్లి అక్కయ్యకు కంటి మీద కునుకు లేదు. అందుకని ఆట తీరూ, అందులో పడవలసిన జాగ్రత్తలూ ఇక్కడ వరసగా ఉన్నాయి.

అమెరికాలో ఈ ఆటకు పెద్ద దిక్కు స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. 1944లో పుట్టిన ఈ క్లబ్ ఆటోక్రాస్‌ను ‘సోలో’ పేరుతో నడుపుతుంది. 2009 నుంచి దాని జాతీయ పోటీలు నెబ్రాస్కా రాష్ట్రం లింకన్ పట్టణంలో, ఒకప్పటి వైమానిక స్థావరం కాంక్రీటు మీద జరుగుతూ వచ్చాయి. ఊరూరా ఉన్న శాఖలు వారాంతాల్లో చిన్న పోటీలు పెడతాయి. ఇండియాలో ఇదే పేరుతో జరిగేవి ఎక్కువగా మట్టి నేల మీద. పెద్ద బావగారు యూట్యూబులో చూసి హడలిపోయిన దుమ్ము ఆ బాపతు.

పోటీకి ప్రత్యేకమైన కారు అక్కర్లేదు. రోజూ ఆఫీసుకు వెళ్ళే సివిక్ సరిపోతుంది. ఎత్తు ఎక్కువై, చక్రాల మధ్య వెడల్పు తక్కువైన బండ్లు పల్టీ కొట్టే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని రానివ్వరు. సామర్థ్యాన్ని బట్టి కార్లను తరగతులుగా విడదీస్తారు. చాలా క్లబ్బుల్లో కొత్తవాళ్ళకు విడిగా ఒక తరగతి ఉంటుంది. ముందు వారం నాలుగు చక్రాల నట్లూ సరైన బిగువులో ఉన్నాయా, బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోకుండా గట్టిగా నిలుస్తోందా, బ్యాటరీ కదలకుండా ఉందా, ఆయిలు ఎక్కడైనా కారుతోందా, టైర్ల దారాలు ఎక్కడైనా బయటపడ్డాయా చూడాలి. మామూలు టైర్లలో రోజూ ఉండేదానికన్నా కొన్ని పీఎస్‌ఐ ఎక్కువ గాలి పెడతారు. టైరు అంచున సుద్దముక్కతో గీత గీస్తే, మలుపులో టైరు ఎంత పక్కకు ఒరిగిందో ఆ గీత చెరిగినంత మేర తెలుస్తుంది. కొత్త టైర్లు, కొత్త స్ప్రింగులు కొనాలన్న తహతహ మొదటిసారికి వద్దు. ఆ డబ్బు ఇంకా కొన్ని పోటీల ప్రవేశ రుసుముకు పనికొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, కారులో వదులుగా ఉన్న వస్తువు ఒక్కటి కూడా మిగలకూడదు. నీళ్ళ సీసా, ఛార్జరు వైరు, గొడుగు, చిల్లర నాణేలు, నల్లకళ్ళద్దాలు, గ్యారేజీ రిమోట్ అన్నీ బయటికి రావాలి. డ్రైవరు కాళ్ళ కింది మ్యాటు సహా మ్యాట్లన్నీ తీసేయాలి. చక్రాలకు ప్లాస్టిక్ మూతలుంటే ఊడదీయాలి. డిక్కీలో సోనామసూరి బియ్యం బస్తా ఉంటే అది ముందు రోజే వంటింటికి చేరాలి. స్టెప్నీ, జాకీ బోల్టుతో బిగించి ఉంటే ఉండవచ్చు, లేకపోతే దిగాలి. అద్దానికి వేలాడే పూసల దండ, డ్యాష్‌బోర్డు మీది చిన్న వినాయకుడు కూడా ఈ లెక్కలోకే వస్తారు. దేవుడికి అపచారమేమీ కాదు. సంచిలో భద్రంగా ఉంటాడు.

గంటకు 40 మైళ్ళ వేగంతో వెళ్ళే కారు సెకనుకు దాదాపు 18 మీటర్లు దాటుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే కారు నెమ్మదిస్తుంది కానీ సీసా తన పాత వేగంతోనే ముందుకు పోతుంది. ముందుకు పోయిన సీసా ఆగే చోటు పెడళ్ళ దగ్గరే. అమెరికా కార్లలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి కుడి మలుపు తిరిగిన ప్రతిసారీ కారులో ఉన్నదంతా అతని కాళ్ళ వైపే జారుతుంది. పెడల్ వెనక సీసా ఇరుక్కుంటే ఎంత మంచి బ్రేకు అయినా ఉత్తదే.

సింహాచలం కొండ దిగుతున్న తాతయ్యగారి అంబాసిడర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. గుడిలో కొట్టగా మిగిలిన కొబ్బరికాయ ముందు బెంచి సీటు కింద నుంచి దొర్లి, ఎడమ మలుపులో కుడివైపుకు వచ్చి, బ్రేకు పెడల్ వెనక చేరింది. డ్రైవరు గుండె నిబ్బరం ఉన్నవాడు. స్టీరింగు పక్కనున్న గేరు కాడను కిందికి లాగి చిన్న గేరులో వేసి, హ్యాండ్‌బ్రేకు లాగుతూ, కారును కొండ వైపు మట్టిగట్టుకు రాయించి ఆపాడు. స్వామి కాపాడాడని అమ్మమ్మ అంది. అప్పటి నుంచి తాతయ్య కొబ్బరికాయల్ని గోనెసంచిలో కట్టి డిక్కీలో పెట్టించేవారు. ఆ రోజు వెనక సీట్లో గౌను వేసుకున్న అక్కయ్య కూడా ఉంది. కొడుకు కారు పేరెత్తితే ఆమె గుండె ఝల్లుమనడానికి మూలం ఆ మలుపే. కాబట్టి వాడు తల్లి మీద విసుక్కోకూడదు.

ఈ జాగ్రత్త అసలు రేసుల్లోనూ ఉండేది. గిండీలో చదివే రోజుల్లో మేనమామ, హాస్టలు మిత్రులతో కలిసి పెరుగన్నం పొట్లాలు కట్టించుకుని షోలవరం వెళ్ళేవాడు. యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ పోటీలు జరిపేది; 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చాక పోటీలు అటు మళ్ళాయి. జనమంతా వేగంగా పోయే ఫియట్ల మీద చూపు నిలిపితే, మేనమామ చూపు మెకానిక్కుల మీద ఉండేది. వాళ్ళు మొదట చేసే పని కారును ఖాళీ చేయడం. వెనక సీటు, మ్యాట్లు, పనిముట్ల సంచి ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. తర్వాతే బానెట్ ఎత్తేవారు.

పోటీ ఉదయం ముందుగా పూచీ పత్రం మీద సంతకం చేయించుకుంటారు. డ్రైవింగ్ లైసెన్సు చూస్తారు. తర్వాత తనిఖీ. తనిఖీకి వచ్చిన మనిషి చక్రాలు ఊపి, బ్యాటరీ కదిపి, లోపలికి తొంగి చూస్తాడు. అతను సీటు కింద చెయ్యి పెట్టి వెతకకపోవచ్చు. ఆ పని డ్రైవరే చేయాలి. హెల్మెట్ మీద ఆ క్లబ్ ఒప్పుకునే ముద్ర, అంటే ఎస్‌ఏ2020, ఎం2020 వంటి ఇటీవలి స్నెల్ ముద్ర ఉండాలి. అక్కయ్య సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి పంపిన హెల్మెట్‌ది ఐఎస్‌ఐ ముద్ర. అక్కడ అది చెల్లదు, అయినా పారేయకూడదు. కొత్తవాళ్ళకు అరువు హెల్మెట్లు చాలా క్లబ్బులే ఇస్తాయి. కారు నంబరు, తరగతి అక్షరాలు రెండు పక్కలా కనబడాలి. రంగులు వేసేవాళ్ళు వాడే టేపుతో అతికిస్తే సరిపోతుంది. కాలికి పలచని అడుగున్న బూట్లు ఉండాలి. చెప్పులు పనికిరావు.

తర్వాత దారిని కాలినడకన చూస్తారు. ఫలితాన్ని తేల్చడంలో ఈ నడకకు పెద్ద వాటా ఉంది. నిలబెట్టిన కోన్లు దారి అంచులు. పడుకోబెట్టిన కోను ఎటు వెళ్ళాలో చూపే బాణం. వరసగా నిలిపిన కోన్లను ఒకదానికి కుడిగా, తర్వాతిదానికి ఎడమగా దాటుకుంటూ పోయేది స్లాలమ్. మొదటి నడకలో దారిని గుర్తుపెట్టుకోవాలి. రెండోదానిలో ఎక్కడ బ్రేకు వేయాలో, ఎక్కడ మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కాలో తేల్చుకోవాలి. మిత్రులతో కబుర్లాడుతూ నడిస్తే ఏమీ గుర్తుండదు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు చిన్నబాబు కళ్ళు మూసుకుని ఊగుతూ చెప్పేవాడు; పన్నెండో ఎక్కం దగ్గర కూడా తడబడేవాడు కాదు. ఆ జ్ఞాపకశక్తి ఇక్కడ అక్కరకొస్తుంది.

బయలుదేరే వరసలో సీటు సర్దుకోవాలి. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైభాగం మీద ఆనాలి. బెల్టు బిగువుగా ఉండాలి. సీటు కింద మరోసారి చెయ్యి పెట్టి చూడాలి. అడిగితే అనుభవం ఉన్నవాళ్ళు పక్క సీట్లో కూర్చుని నేర్పుతారు, అడగడానికి మొహమాటపడకూడదు. మనవైపు పిల్లలకు ఆ మొహమాటం కాస్త ఎక్కువ.

నడిపేటప్పుడు చూపు ముందున్న కోను మీద కాకుండా దాని తర్వాతి మలుపు మీద ఉండాలి. చూపు ఎటు పోతే చేతులు అటే తిప్పుతాయి. టైరు పట్టు నెల జీతం లాంటిది: బ్రేకుకు అంతా ఖర్చు పెడితే మలుపుకు మిగిలేది ఉండదు. పైగా వేగం రెట్టింపైతే అదే మలుపులో కారును పక్కకు నెట్టే బలం నాలుగింతలవుతుంది. అందుకే బ్రేకు పని మలుపుకు ముందే చాలావరకు పూర్తి కావాలి. మలుపులోకి నిదానంగా వెళ్ళినవాడే దాని నుంచి వేగంగా బయటపడతాడు. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ గడగడలాడితే అది ఏబీఎస్ చేసే పని. భయపడి కాలు తీయకూడదు. కారు గిర్రున తిరిగితే బ్రేకు పూర్తిగా తొక్కి పట్టాలి. గేర్ల కారైతే క్లచ్ కూడా.

కోను పడితే, లేదా దాని అడుగున గీసిన గడి దాటి పూర్తిగా బయటికి జరిగితే, కోనుకు 2 సెకన్ల చొప్పున సమయానికి కలుపుతారు. నిలబడే ఉండి గడిని ఇంకా తాకుతూంటే శిక్ష లేదు. దారి తప్పితే ఆ విడత లెక్కలోకి రాదు. ఎర్రజెండా కనబడగానే ఆగిపోవాలి. ఆ విడతను మళ్ళీ నడపనిస్తారు. అన్ని విడతల్లో తక్కువ సమయం పట్టినదే లెక్క. మొదటి విడతలో దారి తప్పకుండా బయటపడితే చాలు.

నడిపేవాళ్ళే వంతులవారీగా దారి పక్కన నిలబడి పడిన కోన్లు ఎత్తిపెట్టాలి, కారు నంబరూ కోన్ల లెక్కా రేడియోలో చెప్పాలి. టెక్సాస్ ఎండలో టోపీ, నీళ్ళు తప్పనిసరి. నీళ్ళ సీసా గుడారం నీడలో, మూత బిగించి ఉండాలి. దారి వైపు వీపు పెట్టి నిలబడకూడదు, ఫోనులో తల దూర్చకూడదు. కొత్తవాడు ఎక్కువ నేర్చుకునేది ఇక్కడే. ఏ కారు ఏ కోను దగ్గర తొందరపడి మలుపు బయటి వైపుకు జారిపోయిందో కళ్ళారా కనబడుతుంది.

ఆట ముగిశాక టైర్లు చల్లబడనిచ్చి గాలి మామూలు స్థాయికి తేవాలి, నట్లు మరోసారి బిగించాలి, సామాన్లు డిక్కీలో సర్దాలి. ఫలితాల పట్టికలో కొత్తవాడి పేరు అడుగున ఉండటం మామూలే. మొదటి విడతకూ చివరి విడతకూ తగ్గిన సెకన్లే వాడి మార్కులు. తిరుగు ప్రయాణంలో చేతులకు ఆ జోరు ఇంకా వదలదు కాబట్టి, ఏదైనా తిని, కాసేపు కూర్చుని, హైవే మీద బోర్డు మీదున్న వేగానికే కట్టుబడి ఇంటికి చేరాలి.

ఆశీస్సులతో,
మేనమామ